వెనక్కి తిరిగి చూసే బొమ్మలు

ఆఫీసులో టీమ్ లీడరును అందరూ చాటుగా మేస్త్రీ అనేవారు. ఆయన జీవితంలో ఇటుక మీద ఇటుక పెట్టిన పాపాన పోలేదు. ఇంకా పునాది కూడా పడని కట్టడాల్లో జనాన్ని నడిపించి చూపించడం ఆయన పని. ఒక ఊరికి కొత్త బస్టాండు కావాలనుకోండి. ముందు దాన్ని కంప్యూటర్లో కడతారు. అందులోకి జనాన్ని వదులుతారు. ఎక్కడ తోసుకుంటున్నారో, ఎక్కడ దారి తప్పుతున్నారో చూసి గోడలు అటూ ఇటూ జరుపుతారు. అంతా కుదిరాకే అసలు సిమెంటు కలుపుతారు.

ఆ జనాన్ని తయారు చేసే ఉద్యోగం మన కోడలిది. ఆఫీసులో ఆమెకు మంచి హోదా ఉంది, ఆమె బల్ల మీద హోదా రాసిన పలక కూడా ఉంది. అయినా ఈ కథలో ఆమె కోడలే. తప్పు చేసింది ఆ వరసలోనే కాబట్టి వేరే పిలుపు అనవసరం.

జనం అంటే బొమ్మలు. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే అవి మన భుజాలు రాసుకుంటూ పోతాయి, లగేజీ ఈడుస్తాయి, టికెట్ల దగ్గర విసుక్కుంటాయి. ఏ బొమ్మ ఎటు వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో ఏఐ నిర్ణయిస్తుంది. అది తెలివైనదే, కాదనను. కానీ మనం చూపించిందే నేర్చుకుంటుంది. చూపించనిది లోకంలో లేనే లేదనుకుంటుంది. పెద్ద చదువులు చదివిన ఆ ఆఫీసు మొత్తానికీ ఈ సంగతి తెలుసు, కోడలికి అందరికంటే బాగా తెలుసు.

చిక్కంతా ముసలి బొమ్మల దగ్గర వచ్చింది. బయట కొనితెచ్చిన నడకల రికార్డింగులన్నీ కుర్రవాళ్ళు నడుం వంచి నటించినవే.

"వీళ్ళు ముసలాళ్ళా? పొద్దున్నే మెడ పట్టేసిన పహిల్వాన్లలా ఉన్నారు," అన్నాడు మేస్త్రీ తెర ముందు నిలబడి. "నాకు నిజమైన ముసలి నడక కావాలి. వచ్చే వారం కార్పొరేషన్ ఇంజినీరు చూడ్డానికొస్తున్నాడు."

"బయటివాళ్ళని తీసుకురావాలంటే టైం పడుతుంది సార్. ఎందుకు తీస్తున్నామో చెప్పాలి, ఒప్పుకున్నట్టు రాయించుకోవాలి. పైగా పెద్దవాళ్ళు కెమెరా చూస్తే బిగుసుకుపోతారు."

"అయితే ఎలా?"

"నేను చూసుకుంటాను," అంది కోడలు. అప్పటికే ఆమె మనసులో ఇంట్లో నడవా మెదిలింది, అందులో గోడ పట్టుకుని నడిచే అత్తగారు మెదిలింది.

అత్తగారు స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. నోరు ఎంత చురుకో కుడి మోకాలు అంత మొండి. కొడుక్కి రైళ్ళ మీద ఉద్యోగం, ఇంట్లో ఉండే రోజుల కంటే ఉండని రోజులే ఎక్కువ. ఉన్నప్పుడు "డాక్టరు దగ్గరికి వెళ్దాం పదమ్మా" అంటాడు, ఆవిడ "మోకాలు ఎక్కడికీ పారిపోదులేరా" అంటుంది, అంతటితో ఆ విషయం ముగిసిపోతుంది. కోడలితో ఆవిడకు పొరపొచ్చాలేమీ లేవు. ఈ కాలంలో కంప్యూటర్లో ఊళ్ళు కట్టే కోడలు ఎంతమందికి ఉంటుందని వీధి వీధంతా చెప్పుకునేది.

"అత్తయ్యా, నాకు తెలిసిన మోకాళ్ళ డాక్టరు ఒకాయనున్నాడు," అంది కోడలు ఆ ఆదివారం. "మీ నడక వీడియో తీసి పంపిస్తే చూసి చెప్తాడట. మీరు గడప దాటక్కర్లేదు."

"వీడియో చూసి చెప్పేస్తాడా? గట్టివాడే! ఎప్పుడు తీస్తావు?"

"ఇప్పుడే."

"ఉండు మరి, ఇలా చూపిస్తావా నన్ను? తల దువ్వుకుని వస్తా."

నిజం చెప్పి ఉంటే ఆవిడ కాదనేది కాదు. సిగ్గుచేటంతా అక్కడే ఉంది. నిజం చెప్పి ఉంటే ఆవిడ పై అంతస్తు టీచరును, ఆ టీచరు అక్కగారిని కూడా పిలుచుకొచ్చి నడిపించేది. కానీ నిజం చెబితే ప్రశ్నలు వస్తాయి, జవాబులకు ఓపిక కావాలి. అంతకంటే ముఖ్యంగా, బొమ్మ కోసం అని తెలిస్తే ఆవిడ కుంటు దాచుకుని దర్జాగా నడుస్తుంది. డాక్టరు కోసం అయితే నొప్పి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. కోడలు ఇదంతా ముందే లెక్క వేసుకుంది.

ఇంటి నడవా వీధి తలుపు నుంచి వెనక గది దాకా పొడుగ్గా ఉంటుంది. మధ్యలో ఒక కుర్చీ ఉండేది. అత్తగారు అటు వెళ్తూ ఇటు వస్తూ అందులో కాసేపు కూలబడి, చెప్పులు సర్దుకుని, ఎవరో ఒకరిని ఏదో ఒకటి అని, మళ్ళీ లేచేది. కెమెరాకు ఆ కుర్చీ కాళ్ళు అడ్డం వస్తున్నాయని కోడలు దాన్ని బాల్కనీలో పడేసింది. అత్తగారి చీలమండలకు, నడుముకు కదలికలు పసిగట్టే ఆఫీసు పట్టీలు కట్టింది. ఫోనును చెప్పుల అర మీద నిలబెట్టింది.

ఆవిడ పెళ్ళికి వెళ్తున్నంత నీటుగా తయారై వచ్చింది. నడిచింది. సగం దూరం వెళ్ళేసరికి కాలు మొరాయించింది. కుర్చీ ఉండే చోట ఆగి, గోడకు అరచెయ్యి ఆనించి, మెల్లగా వెనక్కి తిరిగి చూసింది.

"సరిపోయిందా అమ్మా?"

"ఇంకొక్కసారి, అత్తయ్యా."

మళ్ళీ నడిచింది. మళ్ళీ అక్కడే ఆగింది, మళ్ళీ తిరిగి చూసింది. అడిగిన ప్రతిసారీ కోడలు ఇంకొక్కసారి అంది. ఆవిడ కాదనలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారు అడిగింది. "ఏమన్నాడు మీ డాక్టరు?"

కోడలు గిన్నె మీద మూత సర్దుతూ ఉంది. ఏదో ఒకటి చెప్పాలి. "రోజూ నడవమన్నాడు అత్తయ్యా. నడుస్తూ ఉంటే అదే సర్దుకుంటుందట."

మర్నాటి నుంచి అత్తగారు ఉదయం, సాయంత్రం నడవాలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. ఒకసారి కోడలు కుర్చీ లోపలికి తెస్తుంటే ఆవిడే ఆపింది. "వద్దొద్దు, అక్కడే ఉండనీ. డాక్టరు తీయించాడంటే ఊరికే తీయించడు. కుర్చీ కనిపిస్తే నాకు బద్ధకం."

కోడలు కుర్చీని మళ్ళీ బాల్కనీలో పెట్టింది. ఆ క్షణంలో నోరు విప్పవచ్చు. ఆఫీసుకు టైం అవుతోందని బయల్దేరింది.

బొమ్మలు మాత్రం అద్భుతంగా వచ్చాయి. ఏఐ ఆ ఒక్క నడకను నమిలి మింగి, దానికి రకరకాల ఎత్తులు, రంగులు, జుట్లు తొడిగి, బస్టాండు నిండా ముసలివాళ్ళను పుట్టించింది. ఆడవాళ్ళు, మగవాళ్ళు, సంచి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు. అందరూ కుడి కాలు కొంచెం ఆలస్యంగా వేస్తారు. కాస్త దూరం పోయి ఆగుతారు, గోడకు చెయ్యి ఆనిస్తారు, మెల్లగా వెనక్కి తిరిగి చూస్తారు.

"వెనక్కెందుకు చూస్తున్నారు?" అని అడిగాడు మేస్త్రీ.

కోడలు ఇంకో బొమ్మను తెర మీదకు తెచ్చింది.

"మనవలు వస్తున్నారో లేదోనని అయ్యుంటుంది. భలే సహజంగా ఉంది. ఉంచెయ్," అని ఆయనే తేల్చి, ఆమె భుజం తట్టాడు.

ఇంజినీరు చూడ్డానికొచ్చిన రోజు ఏఐ ఇచ్చిన సలహాలు తెర మీద వచ్చాయి. గేటు నుంచి బస్సుల దాకా పొడవాటి దారిలో బెంచీలు అనవసరమంది. వృద్ధులు కూర్చోరు, నిలబడే అలసట తీర్చుకుంటారు, కాబట్టి గోడకు పట్టుకునే కడ్డీ చాలు, బెంచీల స్థలంలో దుకాణాలు పెట్టుకోవచ్చు అంది. దుకాణాల మాట వినగానే ఇంజినీరు ముఖం వెలిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ముసలివాళ్ళు ఎందుకు కూర్చోరో ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలుసు. కూర్చోడానికి ఉన్న ఒక్క కుర్చీనీ బాల్కనీలో పడేసింది ఆమే. ఆ మాట చెప్పాలంటే ఎవరి కుర్చీ, ఎవరి నడవా, ఎవరి మోకాలు అన్నీ చెప్పాలి. కాగితం మీద సంతకం ఉందా అని అడుగుతారు. తర్వాత మెల్లగా సర్దుదాంలే అనుకుంది. చప్పట్లలో తనూ చేతులు కలిపింది. వాటి చప్పుడు తన చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది.

ఇంట్లో అత్తగారి మోకాలు ఉబ్బింది. "నడిస్తే మొదట్లో కొంచెం వాస్తుంది కాబోలు," అని ఆవిడే సమాధానం చెప్పుకుని నడుస్తూనే ఉంది. అప్పుడప్పుడు పళ్ళ బిగువున నడుస్తోందని కోడలికి కనిపించేది. "కాస్త తగ్గించండి అత్తయ్యా" అనేది. "డాక్టరు చెప్పింది నువ్వు మార్చేస్తావా?" అని ఆవిడ నవ్వేది.

బస్టాండును ఊరి జనానికి చూపించే రోజు వచ్చింది. కార్పొరేషన్ హాల్లో హెడ్‌సెట్‌లు వరసగా పెట్టారు. పెట్టుకున్నవాళ్ళకు కనిపించేదంతా పెద్ద తెర మీద మిగతావాళ్ళకూ కనిపిస్తుంది. కోడలు ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. మర్చిపోయానని తనకు తాను చెప్పుకుంది, మర్చిపోలేదు.

పేపర్లో ప్రకటన చూసిన పై అంతస్తు టీచరు మర్చిపోయే మనిషి కాదు. పదకొండు గంటల వేళ ఆవిడ చెయ్యి పట్టుకుని అత్తగారు హాల్లోకి వచ్చింది. వీడియో రోజు వేసుకున్న బట్టలే మళ్ళీ వేసుకుంది. కుడి కాలు దాదాపు ఈడుస్తోంది.

"మా కోడలు కట్టిన బస్టాండు నేను చూడకపోతే ఎలా?" అంది హాలంతా వినపడేలా.

"అత్తయ్యా, అది పెట్టుకుంటే కళ్ళు తిరుగుతాయి. వద్దు."

"రోజూ పెట్టుకుంటావు, నీ కళ్ళు తిరిగాయా? ఇలా తే."

ఇంజినీరు స్వయంగా ఆవిడకు హెడ్‌సెట్ తగిలించాడు. తెర మీద కొత్త బస్టాండు తెరుచుకుంది. పై కప్పులోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది, దుకాణాలు తళతళలాడుతున్నాయి.

"అబ్బ! ఇంత శుభ్రమైన బస్టాండు నా జన్మలో చూళ్ళేదు," అందావిడ. జనం నవ్వారు. ఆవిడ మరింత హుషారుగా చేతిలో పెట్టిన బటన్ నొక్కుతూ ముందుకు సాగింది. కాసేపటికి తల అటూ ఇటూ తిప్పింది. "ఇంత దూరం ఉందే, కూర్చోడానికేదమ్మా?"

"పెద్దవాళ్ళు కూర్చోరమ్మా," అన్నాడు ఇంజినీరు మర్యాదగా. "నిలబడే అలసట తీర్చుకుంటారు. కంప్యూటరు బాగా పరిశీలించి చెప్పింది."

"ఎవరు చెప్పారు నాయనా నీకు, కూర్చోమని మేము?" అని టీచరు అడిగింది. మళ్ళీ నవ్వులు.

అప్పుడే తెర మీద ఒక ముసలావిడ బొమ్మ అత్తగారి ముందుకు వచ్చింది. కాస్త దూరం నడిచి ఆగింది. గోడకు అరచెయ్యి ఆనించి, మెల్లగా వెనక్కి తిరిగి చూసింది. ఆవలి దుకాణం దగ్గర ఇంకో ఆవిడ ఆగింది, తిరిగి చూసింది. కడ్డీ పక్కన ఒక ముసలాయన కూడా అలాగే తిరిగి చూశాడు.

అత్తగారి నవ్వు ఆగిపోయింది. తన నడక ఎలా ఉంటుందో మనిషికి తెలియదు. కానీ ఏ క్షణంలో, ఎవరి కోసం వెనక్కి తిరిగిందో గుర్తుంటుంది. ఆవిడ చెయ్యి లేచి పక్కనున్న గోడ మీద ఆనబోయింది. ఆ గోడ బస్టాండులో ఉంది, హాల్లో లేదు. చెయ్యి గాలిలో జారిపోయి ఆవిడ ఒరిగింది. టీచరు గబుక్కున నడుం పట్టుకుంది.

"సరిపోయిందా అమ్మా," అంది అత్తగారు చాలా మెల్లగా, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా.

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది, తల కొట్టేసినట్టయింది.

హెడ్‌సెట్ తీశాక ఆవిడ కళ్ళు హాలంతా వెతికి కోడలి మీద ఆగాయి. వాటిలో కోపం ఉంటే కోడలికి నిలబడడం సులువయ్యేది. అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్న మనిషి కళ్ళు అవి.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఇంజినీరు. మేస్త్రీ కూడా వంగి నిలబడ్డాడు.

"బాగుంది బాబూ. మా కోడలు చాలా కష్టపడింది."

హాల్లో అంతమంది ఉన్నారు. బెంచీల సంగతి అప్పుడే, అక్కడే చెప్పాలి. కోడలు నోరు తెరిచింది. "థాంక్యూ అత్తయ్యా" అన్న మాట వచ్చింది. ఆ మాట విన్నాక ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. టీచరు హాల్లో కలిసిన తన అక్కగారితో ఉండిపోయింది. అత్తాకోడళ్ళు టాక్సీ ఎక్కారు.

చాలా దూరం వరకూ అత్తగారు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"డాక్టరు లేడు కదూ?"

"లేడు అత్తయ్యా."

"నడవమన్నది?"

"నేనే."

"ఆ కుర్చీ?"

"కెమెరాకు అడ్డమొచ్చింది."

ఆవిడ తల ఊపింది, చిన్న చిల్లర విషయమేదో తేలినట్టు. కాసేపటికి మళ్ళీ అంది. "నన్నడిగితే నడవనంటానా అమ్మాయ్? నీ పనికంటే నడవనా?"

కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఏడవడానికి కూడా తనకు అర్హత లేదనిపించి ముఖం పక్కకు తిప్పుకుంది. ఏదో ఒక తిట్టు తిడితే బాగుండునని ఎదురుచూసింది. ఆవిడ తిట్టలేదు.

ఇంటికి రాగానే అత్తగారు బాల్కనీలోకి వెళ్ళి కుర్చీ లాగడం మొదలుపెట్టింది. కోడలు పరుగెత్తుకెళ్ళి పట్టుకోబోతే "ఉండనీ, నేను తెచ్చుకుంటా" అంది. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమంటూ నడవా దాకా వచ్చాయి. ఆవిడ అందులో కూర్చుని మోకాలు నిమురుకుంది.

మర్నాడు కోడలు ఆఫీసులో అందరి ముందూ చెప్పింది. మేస్త్రీ మొదట నమ్మలేదు, తర్వాత తలుపు వేశాడు.

"ఆ నడక తీసేయండి సార్. ఆవిడది ఒక్క బొమ్మలో కూడా ఉండకూడదు."

"ఎలా తీస్తాం? పప్పులో ఉప్పు కలిసిపోయాక ఉప్పు ఒక్కటే ఏరి ఇమ్మంటే ఎవరిస్తారు? మొదటి నుంచీ మళ్ళీ నేర్పించాలి." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "పైగా అదే నడక ఒక ఆసుపత్రి ప్రాజెక్టుకు ఇచ్చాం. రైల్వే స్టేషన్ వాళ్ళకూ ఇచ్చాం. మీ అత్తగారు ఈపాటికి చాలా ఊళ్ళు తిరిగొచ్చుంటారు."

అలవాటు కొద్దీ వేసిన జోకు. ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా తల దించుకున్నాడు.

కోడలు అక్కడి నుంచే ఇంజినీరుకు ఫోను చేసింది. ముసలివాళ్ళు కూర్చుంటారండీ, కుర్చీ తీసేసింది నేను, బెంచీలు పెట్టండి అని అన్నీ చెప్పింది. ఆసుపత్రి వాళ్ళకూ, స్టేషన్ వాళ్ళకూ ఇదే చెప్పింది. దుకాణాల స్థలం పైవాళ్ళు ఒప్పేసుకున్నారనీ, మళ్ళీ అడిగి చూస్తాననీ ఇంజినీరు అన్నాడు. ఆ గొంతులో నిన్నటి మర్యాద లేదు. దానికి ఆమె బాధపడలేదు.

ఆ సాయంత్రమే అత్తగారిని నిజమైన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు నడివయసు ఆవిడ. మోకాలు నొక్కి చూసి, ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, నొసలు ముడిచింది.

"ఇంతగా అరిగిన మోకాలితో రోజూ ఇంత నడక ఎవరు నడవమన్నారమ్మా? మీరు ముందే వచ్చి ఉంటే మందులతో పోయేది. ఇప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి."

అత్తగారు కోడలి వైపు చూడకుండానే జవాబిచ్చింది. "ఎవరూ చెప్పలేదండీ. నేనే ఏదో తోచక…"

"నేను చెప్పాను," అంది కోడలు. "డాక్టరు చెప్పాడని అబద్ధం చెప్పాను. నా పని కోసం."

డాక్టరు తలెత్తి ఆమెను చూసింది. ఆ చూపును కోడలు తల వంచుకుని భరించింది.

"సరే. ఒకసారి ఆ గోడ దాకా నడవండమ్మా, చూస్తాను."

అత్తగారు లేచింది. కుడి కాలు ఆలస్యంగా వేస్తూ నడిచింది. సగం దూరంలో కాలు మొరాయించింది. ఆగి, పక్కనున్న బీరువాకు అరచెయ్యి ఆనించింది.

కోడలికి ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. ఎన్నిసార్లు చూసిందో, ఎన్ని బొమ్మల్లో చూసిందో. ఇప్పుడు ఆవిడ మెల్లగా తిరుగుతుంది, సరిపోయిందా అమ్మా అంటుంది. ఈసారి సరిపోయింది అత్తయ్యా, ఇక వచ్చి కూర్చోండి అని చెప్పాలి. కోడలు తల ఎత్తి, ఆ మాట నోట్లో సిద్ధంగా పెట్టుకుని, రెండు చేతులతో కుర్చీని ముందుకు జరిపి పట్టుకుంది.

అత్తగారు వెనక్కి తిరగలేదు. ఊపిరి తీసుకుని మిగతా దూరం కూడా నడిచింది. గోడ దగ్గర నిలబడి డాక్టరు వైపు చూసింది.

"సరిపోయిందా అండీ?"